చిప్సుకీ చిప్పకీ మధ్య: బబుల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పోకర్ టోర్నమెంటు బబుల్ గారి సముఖమునకు,

డాలస్ నుంచి మీ పాత బాధితుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. చిప్సు, అదే పందెం బిళ్లలు, మాత్రం క్షేమంగా లేవు. వాటి గురించే ఈ ఉత్తరం.

మిమ్మల్ని ఎరగని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. టోర్నమెంటులో డబ్బు అందరికీ రాదు, నూటికి ఏ పదిహేను మందికో వస్తుంది. ఆ పదిహేనోవాడి వెనకాల గుమ్మానికి అడ్డంగా కూర్చునేది మీరు. 2024లో లాస్ వెగాస్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో 10,112 మంది తలా 10,000 డాలర్లు కట్టారు. డబ్బు ముట్టింది 1,517 మందికి. వాళ్లలో ఆఖరివాడికి 15,000. వాడికంటే ఒక్క అడుగు ముందు పోయినవాడికి 'బబుల్ బాయ్' అనే బిరుదు. పాపం అనిపించి కొన్నేళ్లుగా అలాంటివాడికి వచ్చే ఏడాది ఎంట్రీ ఊరికే ఇస్తున్నారు. అంటే, కాలు విరిగినవాణ్ణి మళ్లీ అదే మెట్ల మీదికి పంపుతున్నారన్నమాట. గెలిచినాయనకి కోటి డాలర్లు వచ్చాయి. కానీ మీ సన్నిధిలో ఎవరికైనా ఆ కోటి గుర్తుంటుందా? అందరి కళ్లూ ఆ 15,000 మీదే.

మా ఊళ్లో నూటొక్కటి రమ్మీ ఆడినవాణ్ణి నేను. అక్కడ ముక్కలు బాగా లేకపోతే డ్రాప్, 20 పాయింట్లతో వదిలిపోతుంది. కానీ లెక్క 80 దాటిందా, డ్రాప్ లేదు, కంపల్సరీ. చావుకి దగ్గరైనవాడు ఏ చెత్త ముక్కలొచ్చినా ఆడి తీరాలి. మీ దగ్గర రూలు తల్లకిందులు. చావుకి దగ్గరయ్యేకొద్దీ ఎంత మంచి ముక్కలొచ్చినా పడేయాలనిపిస్తుంది.

ఇంతకీ నా కేసు. రెడ్ రివర్ దాటి ఒక్లహోమాలోకి వెళ్తే గంటన్నరలో ఒక కాసినో. అందులో 400 డాలర్ల టోర్నమెంటు. 180 మందిమి కూర్చున్నాం, 27 మందికి డబ్బు, ఆఖరివాడికి 700. రాత్రి పదిన్నరకి 28 మంది మిగిలాం. మీరు వేంచేశారు.

బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వేసి తీరాల్సిన పందేలు, 4,000, 8,000. నా దగ్గర 1,60,000 చిప్సు, అంటే ఇరవై పెద్ద బ్లైండ్లు. పేదవాణ్ణి కాను, ధనవంతుణ్ణీ కాను. అచ్చమైన మధ్యతరగతి. మీకు మహా ఇష్టమైన వంటకం మేమే కదండీ! పక్క టేబుల్లో ఒక కుర్రాడికి రెండున్నర బ్లైండ్లే మిగిలాయి. ఏడూ రెండూ లాంటి పరమ చెత్త ముక్కలు వచ్చినా నిమిషం సేపు గడ్డం నిమురుకుని, పంచాంగం చూసినంత గంభీరంగా ఆలోచించి, అప్పుడు ముక్కలు పారేసి ఫోల్డ్ చేస్తున్నాడు. ఈలోగా ఇంకెవరైనా పోతారని ఆశ. ఇలాంటివాళ్ల కోసమే 'హ్యాండ్ ఫర్ హ్యాండ్' పెట్టారు. ప్రతి టేబుల్లో ఒక్క ఆట ఆడి, మిగతా టేబుళ్లు ముగించేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అప్పుడు నలభై డాలర్ల టీషర్టులు వేసుకున్న పెద్దమనుషులు కుర్చీలెక్కి పక్క టేబుల్లోకి తొంగి చూడటం, ఎవరో ఉన్న చిప్సన్నీ పెట్టి ఆల్ ఇన్ అంటే 'పోవాలి, పోవాలి' అని లోలోపల జపం చేయడం నేను కళ్లారా చూశాను. నేనూ చేశాను.

నా ఎడమ పక్కన డెబ్బై ఏళ్ల పెద్దావిడ. ఊలు టోపీ, ముందు ఏడు లక్షల చిప్సు. ఆవిడకి మీరంటే బొత్తిగా భయం లేదు. ఒకటి విడిచి ఒక ఆటకి పందెం పెంచి 18,000 రైజు. మేమంతా ఫోల్డ్. ముందే వేసి ఉన్న బ్లైండ్లు, యాంటీలు ఇంటద్దె వసూలు చేసుకున్నట్టు ఊడ్చుకుపోయింది. ఆవిణ్ణి కొట్టగలిగినవాళ్లం లేక కాదు. కొట్టబోయి ఓడితే ఇంటికి పోయేది మేము, ఆవిడ కాదు.

అప్పుడొచ్చాయి నాకు ఇస్పేటు రాణి, ఆఠీను రాణి. జంట రాణులు! 18,000 రైజు చేశాను. ఆవిడ ముక్కల వంక సరిగా చూసిందో లేదో, "ఆల్ ఇన్" అంది.

ఇక్కడే మీ ఆస్థాన పండితుడు ఐసీఎం శాస్త్రి నా చెవిలో దూరాడు. ఐసీఎం అంటే చిప్సు డబ్బులో ఎంత చేస్తాయో చెప్పే లెక్క. ఆయన పాఠం ఇది. నలుగురు మిగిలారనుకో, సమానంగా చిప్సు. బహుమతులు ముగ్గురికే, 50, 30, 20. నా వాటా విలువ 25. ఆల్ ఇన్ పెట్టి ఒకణ్ణి పంపేస్తే నా చిప్సు రెట్టింపవుతాయి కానీ విలువ 50 కాదు, 38 చిల్లర. పోతే 25 పోతుంది, వస్తే 13 వస్తుంది. కాబట్టి నూటికి 65 సార్లు గెలుస్తానన్న ధీమా ఉంటేనే దిగాలి. ఎదుటివాడి రాజూ ఆసూ మీద జంట రాణులు గెలిచేది నూటికి 55 సార్లకి కాస్త అటూ ఇటూ. చాలదు. సీట్లే బహుమతిగా ఇచ్చే శాటిలైట్లలో అయితే ఇంకా ఘోరం. పది సీట్లకి పదకొండు మంది మిగిలి, మన దగ్గర దండిగా చిప్సుంటే, జంట ఆసులొచ్చినా పారేయడమే శాస్త్రం.

శాస్త్రం తప్పు కాదు. కానీ శాస్త్రి గారు చెప్పిన రెండో సగం నేను వినలేదు. ఎదుటి మనిషి ఎలాంటి ముక్కలతో చిప్సు ముందుకి తోస్తోందో చూసుకోమన్నాడు. గంటసేపటి నుంచి దొరికిన ముక్కలతో దొరికినట్టు తోస్తున్న మనిషి మీద జంట రాణులు నూటికి ఎనభై సార్లు గెలుస్తాయి. పైగా 28 మంది ఉన్నచోట 700 డాలర్ల కోసం అంత భయమూ అక్కర్లేదు. అక్కడ ఆ పందేనికి సై అని కాల్ కొట్టాల్సిందే. కొట్టలేదు. రాణులిద్దరినీ బోర్లా పడుకోబెట్టి డీలర్ వైపు తోశాను. భయాన్ని భయమనడానికి సిగ్గేసి ఐసీఎం అన్నాను.

ఒక మాట ఒప్పుకోవాలి. మీరు నాకు కొత్త కాదు. గ్రీన్‌కార్డు డేటు కరెంట్ కావాలని, అంటే క్యూలో నా వంతు రావాలని, పన్నెండేళ్లుగా ఎదురు చూస్తున్నవాణ్ణి. మంచి ఉద్యోగం వచ్చిందంటే ఫోల్డ్. కంపెనీ పెడదామని స్నేహితుడు పిలిస్తే ఫోల్డ్. మీ దగ్గరికి ట్రైనింగ్ పూర్తి చేసుకునే వచ్చాను. ఇండియాలో ఉన్న మా తమ్ముడు నయం. ఆన్‌లైన్ పందేల ఆటలని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్, 2025లో పార్లమెంటు చట్టం చేసి ఆపేశాయి కాబట్టి, వాడి ఫోన్లో మీరు తిష్ఠ వేసే దారి లేదు.

పదకొండుంబావుకి ఎవరో పోయారు. మీరు పగిలారు. ముక్కూమొహం తెలియనివాళ్లం చప్పట్లు కొట్టి చేతులు కలుపుకున్నాం. ఆ తర్వాత ఇరవై నిమిషాలు సంత చెదిరినట్టు ఆల్ ఇన్లే ఆల్ ఇన్లు. భయం తీరిందిగా మరి. నా 1,60,000 అప్పటికి అరవై వేలకి కరిగింది. ఇరవై అయిదో వాడిగా లేచాను. 700 చేతికిచ్చారు.

మా ఆవిడకి ఫోన్ చేసి "గెలిచానే" అన్నాను.

"ఎంత?"

"ఏడొందలు."

"కట్టిన నాలుగొందలు తీశావా?"

"తీయలేదు."

"రెండు రాత్రుల హోటలు?"

ఐసీఎం శాస్త్రికి కంప్యూటర్ కావాలి. మా ఆవిడకి అదీ అక్కర్లేదు.

కాబట్టి తమరికి నా విన్నపం ఒక్కటే. ఈసారి వచ్చేటప్పుడు నన్ను అయితే నిరుపేదగానో, లేకపోతే ఊలు టోపీ ఆవిడంత కలిగినవాడిగానో చూసి రండి. మధ్యలో ఉండగా మాత్రం రావద్దు.

ఇట్లు,
ఇరవై బ్లైండ్ల మధ్యతరగతి మనిషి

తా.క.: మర్నాడు పార్కింగ్‌లో ఆవిడ కనిపించింది. రెండో స్థానమట. "రాత్రి నా ఆల్ ఇన్‌కి ఏం పారేశావు బాబూ?" అని అడిగింది. జంట పదులు అని అబద్ధం చెప్పాను. "పదులే కదా, పోనీలే" అని భుజం తట్టి కారెక్కింది.