మ్యూనిక్‌లో సైకిలు, పటమటలో తీర్మానం

విదేశాల్లో ఉంటున్న మన పిల్లలు పెద్దల్ని అడక్కుండా సైకిళ్ళు కొనేసుకుంటున్నారు. ఇల్లు కొంటే ముహూర్తం అడుగుతారు. కారు కొంటే ముందు రంగు అడుగుతారు, తర్వాత ఫొటో పెడతారు. సైకిలు దగ్గరికొచ్చేసరికి మాత్రం సైకిలే కదా అని తోచినట్టు కానిచ్చేస్తున్నారు. విజయవాడ నగర పెద్దల తరఫున ఈ ధోరణిని తీవ్రంగా ఖండిస్తున్నాను.

సైకిలు గురించి మాట్లాడే హక్కు మాకున్నంతగా యూరప్‌లో ఎవరికీ లేదు. వన్ టౌన్‌లో గంటకింత అని అద్దె సైకిలు తీసుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్న తరం మాది. ఆ సైకిలు దిగడానికి మాకు సగం జీవితం పట్టింది. బందరు రోడ్డులో సైకిలు మీద కనబడేవాడు స్కూటరు మీద కనబడితే బాగుపడ్డాడని అర్థం. కారు అద్దాలు పైకెత్తుకుని అసలు కనబడటమే మానేస్తే ఇంకా బాగుపడ్డాడని అర్థం. ఇక పిల్లాడు గన్నవరంలో విమానం ఎక్కాడంటే ఆ వంశానికి సైకిలుతో రుణం తీరిపోయినట్టే లెక్క.

అలాంటిది ఆ పిల్లాడే అక్కడ దిగి, స్థిరపడి, జీతం బాగా పెరిగాక, 2,400 యూరోలు పెట్టి సైకిలు కొంటున్నానంటే కన్నతండ్రి ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరగాలి? మన లెక్కలో అది దాదాపు రెండున్నర లక్షలు. ఆ డబ్బుకు ఇక్కడ రెండు స్కూటర్లు వచ్చి పెట్రోలుకు కూడా మిగులుతుంది.

ఈ సమస్యను పటమటలో ఒక కుటుంబం పద్ధతిగా పరిష్కరించిన తీరు రాష్ట్రమంతటికీ ఆదర్శం కావాలని ఇక్కడ రాస్తున్నాను. ఆదివారం పూట వీడియో కాల్‌లో కమిటీ కూర్చుంది. అధ్యక్షులు తండ్రిగారు, నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా రిటైరయ్యారు. సభ్యులు అమ్మగారు, గుంటూరు బ్రాడీపేట నుంచి మేనమామ. ప్రత్యేక ఆహ్వానితులు కింద ఫ్లాట్ ఆయన. ఆయనకు సైకిళ్ళ గురించి ఏమీ తెలియదు గానీ, అమెరికా వెళ్ళొచ్చారు కాబట్టి జర్మనీ గురించి మాట్లాడే అర్హత ఉంది.

అబ్బాయి మ్యూనిక్ నుంచి సైకిలు ఫొటో చూపించాడు. తండ్రిగారు ఫోను దగ్గరికి లాక్కుని, రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా తనిఖీ చేశారు.

"పెడల్స్ ఏవిరా?"

"ఉండవు నాన్నా. విడిగా కొనుక్కోవాలి."

ఆయన కళ్ళజోడు తీసి, బనీను అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "ఉండవంటే?"

"ఇలాంటి ఖరీదైన వాటికి ఎవరూ ఇవ్వరు. ఒక్కొక్కరు ఒక్కో రకం బూట్లు వాడతారు కదా, వాటికి తగ్గవి వాళ్ళే బిగించుకుంటారు."

"గంట లేదు, సరే. స్టాండు లేదు, గోడకు ఆనిస్తావు. క్యారేజీ లేదు, నువ్వేమీ పాలు పొయ్యవు కాబట్టి సరే. మడ్‌గార్డులు లేవు, వీపంతా బురద, అదీ సరే. తొక్కడానికి పెడల్స్ కూడా ఇవ్వకపోతే ఇంక వాడు అమ్మేదేమిట్రా?"

ఈ ప్రశ్నకు యూరప్ సైకిలు పరిశ్రమ దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. అక్కడ ఒక్కో సామాను తీసేసినకొద్దీ ధర పెరుగుతుంది. మన పాత నల్ల సైకిలు అన్ని హంగులతో దాదాపు 20 కిలోలు తూగేది. అబ్బాయి ఎంచుకున్నది ఎనిమిదిన్నర. పందేల్లో వాడే సైకిళ్ళనైతే ఇంకా చెక్కేస్తారు, చివరికి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యే జోక్యం చేసుకుని 6.8 కిలోలకు తగ్గడానికి వీల్లేదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. లేకపోతే ఈపాటికి వట్టి బిల్లు చేతికిచ్చి పంపేవాళ్ళు.

గేర్ల విషయం మాత్రం కమిటీకి చప్పున ఎక్కింది. గేరు మీటలు, చైను, పళ్ళ చక్రాలు, బ్రేకులు అన్నీ కలిపి గ్రూప్‌సెట్ అంటారు. జపాన్ కంపెనీ షిమానో చేసేవాటిలో వరసగా క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, అన్నిటికన్నా పైన డ్యూరా-ఏస్ ఉంటాయి. బెజవాడలో పిల్లల్ని ఇంటర్ చదివించిన ఎవరికైనా ఇందులో కొత్తేముంది? సిలబస్ ఒకటే, సెక్షన్లు వేరు, ఫీజులు వేరు. పై సెక్షన్‌కు వెళ్ళేకొద్దీ బరువు తగ్గడం కూడా రెండు చోట్లా ఉన్నదే.

"నాకు 105 చాలు" అన్నాడు అబ్బాయి.

"టాపర్లు ఏది వాడతారు?"

డ్యూరా-ఏస్ అని తెలిశాక తండ్రిగారి ముఖం చూడాల్సింది. చేతిలో పైసెక్షన్‌కు అవకాశం ఉండి కూడా కొడుకు మధ్యలో ఆగిపోతానంటున్నాడు. "నేను పోటీలకు వెళ్ళను నాన్నా, ఎండాకాలం ఆఫీసుకూ, ఆదివారాలు సరదాకీ" అని వాడు సర్దిచెప్పబోయాడు. సరదా అనే విషయం ఆ ఇంట్లో పదో తరగతి పరీక్షల తర్వాత మళ్ళీ ప్రస్తావనకు రాలేదు. పరీక్షలు అవ్వగానే వాణ్ణి రెసిడెన్షియల్ కాలేజీలో వేసి, వాడి సైకిలు వాచ్‌మన్ కొడుక్కి ఇచ్చేశారు. ర్యాంకు వచ్చాక కొత్తది కొంటామన్నారు. ర్యాంకు వచ్చింది. సైకిలు సంగతి అందరూ మర్చిపోయారు. వాడు మర్చిపోలేదని ఇప్పుడు తెలిసింది, అదీ యూరోల్లో.

ఇక కొలత. మన దగ్గర ఫ్రేము 22 అంగుళాలా 24 అంగుళాలా అని అడుగుతారు, మనిషి పొట్టయితే సీటు దించుతారు, అయిపోయింది. అబ్బాయి ఎంచుకున్న రోడ్ బైకు రకం సైకిలు ఫ్రేముకు సెంటీమీటర్ల లెక్క: 52, 54, 56. కంపెనీ మారితే అదే 54 ఇంకోలా ఉంటుంది. అందుకని ముందు మనిషిని కొలుస్తారు. చెప్పుల్లేకుండా గోడకు ఆని నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైదాకా నొక్కిపెట్టి, దాని పై అంచు నుంచి నేలకు టేపు పెట్టాలి. వచ్చినదాన్ని 0.66తో హెచ్చవేస్తే ఫ్రేము కొలత సుమారుగా తేలుతుంది. అబ్బాయికి 82 వచ్చింది, అంటే 54 అన్నమాట. అంతా బాగానే ఉంది గానీ వాడు ఈ కార్యక్రమం వీడియో కాల్ ఆపకుండా చేశాడు.

"కాళ్ళ మధ్య అదేంట్రా?"

"పుస్తకం అమ్మా."

"పుస్తకమా!"

అమ్మగారి కేక మ్యూనిక్‌లో పై అంతస్తు వాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. ఏ తల్లి దయవల్ల ఆ దేశం వెళ్ళాడో ఆ సరస్వతీదేవిని పట్టుకుని కాళ్ళ మధ్య! కళ్ళకద్దుకోమన్నారు. అద్దుకున్నాడు. సరిగ్గా అద్దుకోలేదన్నారు. మళ్ళీ అద్దుకున్నాడు. రెండోసారి కొలవడానికి పుస్తకం బదులు అట్టపెట్టె వాడితే అది కాస్త వంగి రెండు సెంటీమీటర్లు తగ్గింది, దాంతో 54 కాదేమో 52 ఏమోనని కొత్త టెన్షన్ మొదలైంది. చివరికి వాడే ఒక షాపుకు వెళ్ళి రెండూ తొక్కి చూసుకున్నాడు. షాపతను ఒక మాట చెప్పాడట: చక్రాలు, గేర్లు, సీటు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఫ్రేము కొలత తప్పితే ఎవరూ ఏమీ చేయలేరు, ముందు అది చూసుకో అని. మొత్తం వ్యవహారంలో పనికొచ్చే సలహా ఇదొక్కటే. కమిటీ దీన్ని మినిట్స్‌లో రాయలేదు.

సెకండ్ హ్యాండ్ ప్రస్తావన కూడా వచ్చింది. ధర బాగా తగ్గుతుంది గానీ చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయని అబ్బాయి వివరించాడు. ఫ్రేము అడుగున చెక్కిన సీరియల్ నంబరు, పాత బిల్లు చూసి దొంగసొత్తు కాదని తేల్చుకోవాలి. కార్బన్ ఫ్రేములో పగులు పైకి కనబడకపోవచ్చు. చైను ఎంత సాగిందో గేజీ పెట్టి చూడాలి. అంతా శ్రద్ధగా విని, "అమ్మేవాడు మనవాడేనా?" అని మేనమామ ఒకే ఒక ప్రశ్న వేశారు. కాదని తెలియగానే ఆ అంశం మూసేశారు.

గంట విషయంలో మాత్రం పటమటకు చారిత్రక విజయం దక్కింది. జర్మనీ చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి సైకిలుకూ గంట ఉండి తీరాలి. రిఫ్లెక్టర్లు కూడా, చీకటి పడితే లైట్లు కూడా. ఇలాంటి సైకిళ్ళను షాపులో చాలావరకు అవేవీ లేకుండానే అమ్ముతారు, తర్వాత కొన్నవాడే బిగించుకోవాలి. ఈ సంగతి అబ్బాయి నోటితోనే చెప్పించి తండ్రిగారు సోఫాలో వెనక్కి వాలారు. ఒక సార్వభౌమ దేశం తన వాదనతో ఏకీభవించడం సర్వీసులో ఉండగా ఆయనకు ఎప్పుడూ జరగలేదు. బెంజిసర్కిల్ హారన్లలో సైకిలు గంట దేవుడికి కూడా వినపడదన్నది వేరే విషయం.

సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్ని ఇక్కడికి తెస్తే నలుగురూ చూస్తారు కదా అని అమ్మగారన్నారు. తెచ్చి ఏం చేస్తాడు? 28 మిల్లీమీటర్ల టైరు అది, మన మ్యాన్‌హోల్ మూత పక్కన ఉండే సందులో నిలువునా దిగుతుంది. ట్యూబుకు ఉండేది సన్నటి ఫ్రెంచి వాల్వు, గాలి కొట్టాలంటే ముందు దాని తలమీది బుల్లి మర తిప్పాలి. మన వీధి పంచర్ షాపు పంపు దానికి పట్టదు. ఆదివారం తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ దాటి అమరావతి వైపు పోయే మన ఊరి సైకిలు బృందాల్ని చూడండి, వాళ్ళు పంపు వెంటబెట్టుకుని తిరుగుతారు. పంచర్ షాపు మీద నమ్మకం లేని మనిషి సమాజంలో ఎలా బతుకుతాడో నాకైతే అర్థం కాదు.

డబ్బు కట్టే పద్ధతి విన్నాక తండ్రిగారు కొంత మెత్తబడ్డారు, కొంత నొచ్చుకున్నారు. కంపెనీ కారుకిచ్చే పన్ను సదుపాయాన్ని జర్మనీ 2012లో సైకిలుకూ వర్తింపజేసింది. కంపెనీ సైకిలును లీజుకు తీసుకుని ఉద్యోగికిస్తుంది, పన్ను లెక్కేయకముందే జీతంలోంచి నెలనెలా కోసుకుంటుంది. మామూలుగా 36 నెలలు. ఆ తర్వాత కావాలంటే మిగిలిన విలువ కట్టి సొంతం చేసుకోవచ్చు.

"అంటే అద్దె సైకిలేగా" అన్నారు తండ్రిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "నేను గంటకు తీసుకున్నాను, నువ్వు మూడేళ్ళకు తీసుకుంటున్నావు. పోనీలే, వంశం ఆ మాత్రం ఎదిగింది."

అసలు ప్రమాదం రంగు దగ్గర వచ్చింది. అబ్బాయి ఎంచుకున్నది పసుపు. నాలుగు దశాబ్దాలుగా ఈ ప్రాంతంలో సైకిలంటే ఒక పార్టీ గుర్తు, పసుపంటే ఆ పార్టీ జెండా. ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టిన మరుక్షణం అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ఎన్నికలో తండ్రిగారికి ఒక బ్లాకు ఓట్లు పోతాయి. (ఈ చర్చంతా ఫ్యాను కింద కూర్చునే జరిగింది కాబట్టి తటస్థంగానే జరిగిందని మనవి.) 1919 నుంచీ టూర్ డి ఫ్రాన్స్‌లో ముందున్నవాడికి పసుపు జెర్సీయే ఇస్తారని అబ్బాయి చెప్పబోయాడు. అయితే ఫ్రాన్స్ కూడా అటువైపేనన్నమాట అని మేనమామ తేల్చేశారు. నలుపు వద్దని అమ్మగారు, వాడికి శని నడుస్తోందట. నీలం, ఆకుపచ్చ అంటే అవతలి పార్టీ. ఎరుపుకు విజయవాడలో ఉన్న చరిత్ర అందరికీ తెలిసిందే. కాషాయం సంగతి ఎవరూ ఎత్తలేదు. మిగిలింది బూడిదరంగు, ఏకగ్రీవంగా ఆమోదించారు.

పూజ గురించి క్లుప్తంగా చెబుతాను. కొత్త బండి కొంటే కొండ మీద అమ్మవారి పాదాల దగ్గర తాళంచెవి పెట్టించడం ఆనవాయితీ. దీనికి తాళంచెవే లేదు. స్తంభానికి కట్టేసే గొలుసుకు ఒకటి ఉంటుంది గానీ అది మ్యూనిక్‌లో ఉంది. దాని ఫొటో ప్రింటు తీయించి ఇంద్రకీలాద్రికి పట్టుకెళ్ళారు. మ్యూనిక్‌లో నిమ్మకాయలు వాడే తొక్కించుకున్నాడు, ఒకటి నలగకుండా టైరు పక్కనుంచి జారిపోయిందన్న విషయం అమ్మగారికి చెప్పలేదు.

ఇంత చేశాక గుంటూరు లక్ష్మీపురం నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రి మర్యాదగా కాఫీ తాగి, అబ్బాయి జీతం, వీసా, వంట చేసుకోవడం వచ్చా రాదా అన్నీ కనుక్కుని, చివర్లో అడగనే అడిగారు.

"అబ్బాయి ఆఫీసుకు ఎందులో వెళ్తాడండీ?"

తండ్రిగారు గొంతు సవరించుకున్నారు. "కంపెనీ లీజు మీద ఇచ్చిందండీ. బాడీ అంతా కార్బన్ ఫైబర్. విమానాలకు వాడే సరుకు."

"ఓహో, కంపెనీయే ఇచ్చిందా! గేర్లు మామూలువా, ఆటోమేటిక్కా?"

"మామూలువే. ఇరవై నాలుగు."

అవతలివైపు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మన దేశంలో లారీకి కూడా అన్ని ఉండవని వాళ్ళకు తెలుసు. సంబంధం దాదాపు ఖాయమైన గుర్తుగా రెండో విడత జంతికలు కూడా తీసుకున్నారు. పెద్దాయనకు ఒక్క సందేహమే మిగిలింది.

"మైలేజీ ఎంతిస్తుందండీ?"

ఎంతైనా ఇంజినీరు కదా, తండ్రిగారు తడుముకోలేదు.

"రెండు అరటిపళ్ళకు యాభై కిలోమీటర్లండీ."