సంక్రాంతి డ్యూటీ చార్టు గారికో విన్నపం

మహారాజశ్రీ డిపో డ్యూటీ చార్టు గారి దివ్యసముఖానికి, ఒక కండక్టరు నమస్కరించి రాయునది. ఆయ్, నేనిక్కడ క్షేమం. మా ఇంట్లోవాళ్ల క్షేమం వాట్సాప్ స్టేటస్సుల్లో చూసి తెలుసుకుంటున్నానండి.

భోగి ముందు రోజు సాయంత్రం తమరు నోటీసు బోర్డు ఎక్కారు. భోగికి రాజోలు-పాలకొల్లు, పండక్కి డబుల్ డ్యూటీ, కనుమకి జగ్గన్నతోట తీర్థం స్పెషల్. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. కాకికి డిపో లేదు కదండీ!

బస్సు నడవాల్సిందే, కాదనను. కోనసీమకి రావాల్సిన రైలు కోటిపల్లి దగ్గర గౌతమి గట్టునే ఆగిపోయింది. పాలకొల్లులో రైలు దిగినవాళ్లు చించినాడ వంతెన దాటాలంటే మేమే దిక్కు. కానీ ఈ ఏడాది నేను కొత్త అల్లుణ్ణండి. లీవు అడిగితే "పండగ పూట ఎలా ఇస్తామయ్యా?" అన్నారు. పండగ కాబట్టే అడిగాను! బదులు సెలవు (ఆఫ్) తర్వాత వాడుకోమన్నారు. ఫిబ్రవరిలో గొబ్బెమ్మలు ఎవరు పెడతారండీ?

భోగి నాడు బస్సు నిండా అల్లుళ్లే. ఒళ్లో స్వీటు పెట్టెలు, ముఖాల్లో ఆ ధీమా. అందరికీ టికెట్లు కొట్టిన అల్లుణ్ణి నేనొక్కణ్ణే. మా అత్తారి ఊరు వంతెన అవతల, దారిలోనే ఉంది. స్టాపులో అత్తగారూ మామగారూ క్యారేజీతో నిలబడ్డారు. నేను దిగలేనని తెలిసి, వాళ్లే ఎక్కేశారు. మామగారికి పాలకొల్లు దాకా ఫుల్ టికెట్ కొట్టాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచితం కాబట్టి అత్తగారికి జీరో టికెట్. పాపం, నేను అడక్కుండానే ఆధార్ తీసి చూపించారు. అల్లుడికి మర్యాద జరగాల్సిన పండగలో, అత్తగారికి స్త్రీశక్తి పథకం కింద మర్యాద చేశానండి. అరిసెలు పాలకొల్లు కాంప్లెక్సులో, టికెట్ల లెక్క వే బిల్లులో రాసుకుంటూ తిన్నాను.

కనుమ నాడు జగ్గన్నతోటలో 11 ఊళ్ల రుద్రులు, అదే శివుళ్లు, కలుసుకున్నారు. వాళ్లని నిలిపిన ప్రభల్ని జనం భుజాన మోసుకుని, కౌశిక నదిలోకి దిగి మరీ తెచ్చారు. రుద్రులు కూడా మన డిపోలో పనిచేసి ఉంటే ఏ నలుగురో వచ్చేవారు, మిగతావాళ్లు స్పెషల్ డ్యూటీ.

అందరికీ ఇంతే అయితే నోరు మూసుకునేవాణ్ణే. కొన్ని పేర్లు మాత్రం ఏ పండక్కీ తమరి కంట పడవు. అవి ఎవరివో క్యాంటీన్ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. తమరి చూపుకి ఏదైనా చత్వారం వచ్చిందేమో, కళ్లజోడుకి చందా వేసుకుంటాం.

చివరగా, రేపు ముక్కనుమ. మామగారు నా కోసం ఒక పుంజుని ఇంకా అట్టే పెట్టారు. దాని మేత ఖర్చు రోజూ ఫోన్లో చెబుతున్నారు. ఆఫ్ ఇవ్వలేకపోతే, కనీసం పుంజుకైనా డిపో నుంచి భత్యం ఇప్పించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
పాలకొల్లు సర్వీసు కండక్టరు