పేరు పెట్టారు సరే, ఎవరాయన?

బెజవాడ వన్‌టౌన్‌లో తెల్లారకముందే మొదలయ్యే చోటు ఒకటుంది. ఆటోలో కూరగాయల బుట్టల మధ్య ఇరుక్కుని కూర్చున్న మనిషైనా, తలగుడ్డ చుట్టుకుని బస్తా మోసే హమాలీ అయినా, పెళ్లి వంటకి సరుకు కొనడానికొచ్చిన వంటమేస్త్రీ అయినా, ఎక్కడికని అడిగితే ఒకటే మాట: కాళేశ్వరరావు మార్కెట్. తొందరలో ఉన్నవాళ్లు కె.ఆర్. మార్కెట్ అంటారు. మొన్న ఒక ఉల్లిపాయల కొట్టు ముందు నిలబడి కాళేశ్వరరావు అంటే ఎవరండీ అని అడిగితే, కాటా మీద నుంచి చూపు తిప్పకుండానే "ఈ స్థలం ఇచ్చిన ఆసామి అనుకుంటానండి" అన్నాడాయన. పక్క కొట్టాయన "కాదు, పాతకాలం ఎమ్మెల్యే" అని సరిదిద్దాడు. రెండో ఆయన కొంచెం దగ్గరికొచ్చాడు.

అయ్యదేవర కాళేశ్వరరావు 1882లో నందిగామలో పుట్టారు. బెజవాడలో వకీలు. స్వాతంత్ర్యోద్యమంలోకి దిగి జైళ్లకు వెళ్లారు. 1921లో గాంధీజీ వచ్చిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం ఈ ఊళ్లో జరిగిందంటే, పింగళి వెంకయ్య జెండా పట్టుకెళ్లి గాంధీజీకి చూపించారంటే, ఆనాటి బెజవాడలో దాన్ని భుజాన వేసుకుని నడిపించిన పెద్దల్లో ఆయనొకరు. మునిసిపల్ చైర్మన్‌గా చేశారు. విశాలాంధ్ర కోసం తిరిగారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక శాసనసభకి మొదటి స్పీకరు ఆయనే, 1962లో చనిపోయేదాకా.

ఇంత మనిషికి కూరగాయల మార్కెట్టా అని నొచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మేం మాత్రం నొచ్చుకోం. మునిసిపాలిటీ అంటే అసలు పని ఇదే కదా, జనం తినేది దొరికే చోటు చూడటం, అక్కడ నీళ్లు నిలవకుండా చూడటం, రాత్రికి కుప్పపడ్డ ఆకూ అలమూ పొద్దున్నకి ఎత్తేయించటం. మునిసిపల్ చైర్మన్‌గా చేసిన మనిషి పేరు, వేలమంది రోజూ నోటితో పలికే చోటికి పెట్టటం కంటే పెద్ద గౌరవం ఏముంటుందో మాకు తెలీదు. విగ్రహానికి ఏడాదికి రెండు దండలు పడతాయి, జయంతికొకటి, వర్ధంతికొకటి. ఈ పేరుకి రోజూ తెల్లవారుజామునే పిలుపు.

అయితే పెట్టిన ప్రతి పేరూ ఇలా అతుక్కోదు. ఏలూరు రోడ్డుకి కాగితాల మీద కార్ల్ మార్క్స్ రోడ్డు అని పేరుంది. మార్క్స్ మీద ఈ ఊరికి కోపమేం లేదు, ఆ మాటకొస్తే ఒకప్పుడు బోలెడంత అభిమానం కూడా ఉండేది, అయినా ఆటోవాడితో ఏలూరు రోడ్డనే అంటాం. బందరు రోడ్డు మహాత్మాగాంధీ రోడ్డు, అయినా బందరు రోడ్డే. ఎక్కడి మనిషి పేరో తెచ్చి ఉన్న పేరు మీద అంటిస్తే కౌన్సిల్ తీర్మానం పాసవుతుంది గానీ జనం నోట్లో పాసవదు. ఊరి మనిషి పేరు, ఆ మనిషి పనికి దగ్గరగా ఉన్న కట్టడానికి, కట్టిన కొత్తల్లోనే పెడితే నిలిచే అవకాశం ఎక్కువ. మా గట్టి అభిప్రాయం ఇది.

ఇక మార్చటం సంగతి. మా ఊళ్లోనే ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో మొదలైంది. 1998లో దానికి ఎన్టీఆర్ పేరు చేరింది. 2022లో ఆ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, అదే ఏడాది ఏప్రిల్‌లో విజయవాడ కేంద్రంగా కొత్త జిల్లా చేసి దానికి ఎన్టీఆర్ పేరు పెట్టింది కూడా ఆ ప్రభుత్వమే. 2024లో ప్రభుత్వం మారింది, పాత పేరు తిరిగొచ్చింది. ఎవరి పేరు ఉండాలన్న వాదంలోకి మేం దిగటం లేదు, ఇద్దరికీ అభిమానులు కోట్లలో ఉన్నారు. మా బాధల్లా అక్కడ చదువుకున్న పిల్లల గురించే. రెండేళ్లు అటూ ఇటూగా చదివిన ఇద్దరు డాక్టర్లు తాము చదివింది ఒకే యూనివర్సిటీలో అని విదేశాల్లో ఎవరికైనా చెప్పాలంటే ముందు ఆంధ్ర రాజకీయాలు వివరించాలి. బోర్డులు, సీళ్లు, లెటర్‌హెడ్‌లు మళ్లీ మళ్లీ మార్చే ఖర్చు సరేసరి.

అసలు మార్చకూడదని మేం అనం. బందరు రోడ్డులో మ్యూజియం ఉంది చూశారా, దానికి 1887లో శంకుస్థాపన చేసింది విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవం పేరు మీద. ఇప్పుడది గాంధీజీ పేరు మీద బాపు మ్యూజియం. 1921లో గాంధీజీ చేతికి జెండా అందిన చోటు అదేనని ఊరంతా చెప్పుకుంటుంది. రాణి ఎన్నడూ అడుగుపెట్టని ఇంటి నుంచి రాణి పేరు తీసి, అక్కడ నిజంగా ఏదో జరిగిన మనిషి పేరు పెట్టారు. అలాంటి మార్పుకి ఎవరు అడ్డం చెప్తారు?

మన కౌన్సిళ్లలో నడిచేది ఇంకోలా ఉంటుంది. కమ్యూనిటీ హాలు కట్టటం అయ్యాక, ప్రారంభోత్సవానికి నాలుగు రోజుల ముందు, ఎజెండాలో లేని పేరు టేబుల్ అజెండాగా వచ్చి పడుతుంది. సభ్యులు కాగితం చదివేలోపు ఆమోదం అయిపోతుంది. ఎక్కడైనా చర్చ జరిగితే మొదట అడిగేది ఏం చేశాడని కాదు, ఎవరి తాలూకు అని. మనవాడేనా, వాళ్లవాడా. కులం, పార్టీ, రెండూ కుదిరితేనే తర్వాతి మాట. దాంతో ఇరవై ఏళ్లు వార్డు కౌన్సిలర్‌గా ఉండి, అర్ధరాత్రి పైపు పగిలితే లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి నిలబడ్డ మనిషి పేరు ఎవరికీ గుర్తు రాదు, ఎందుకంటే ఆయన తరఫున ధర్నా చేసేవాళ్లు ఉండరు. ఏ పదవీ లేకుండా చేసినవాళ్లున్నారు. గ్రంథాలయోద్యమానికి ఈ ఊరిని కేంద్రం చేసుకుని జీవితమంతా పుస్తకాలు మోసిన అయ్యంకి వెంకట రమణయ్య, పాతూరి నాగభూషణం లాంటివాళ్ల పేర్లు ఇవాళ కాలేజీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

మేం అడిగేది పెద్ద కోరికలు కావు. ఏ కట్టడానికైనా పేరు అనుకుంటే ఒక నెల ముందే వార్డు సచివాలయం గోడ మీద అంటించండి, ఆ మనిషి ఏం చేశాడో అరపేజీలో రాసి. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్తారు, తెలిసినవాళ్లు ఇంకో రెండు సంగతులు చేరుస్తారు. బతికున్నవాళ్ల పేర్లు వద్దు. పోయిన వారం పోయినవాళ్ల పేర్లు కూడా వద్దు, ఆ వారంలో అందరూ దేవుళ్లే. కొన్నేళ్లు ఆగి, అప్పటికీ వీధిలో జనం ఆ మనిషిని తలుచుకుంటుంటే అప్పుడు పెట్టండి. ఇంకోటి, పేరుని పొడి అక్షరాలుగా కుదించకండి. హైదరాబాద్‌లో కొన్నేళ్లు సచివాలయమే నడిచిన భవనాన్ని బీఆర్కే భవన్ అంటుంటే, అది ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు పేరని ఆ మెట్లెక్కి దిగినవాళ్లలోనే చాలామందికి తట్టలేదు.

కాళేశ్వరరావు మార్కెట్‌తోనే మొదలుపెట్టొచ్చు. అక్కడి కట్టడాలని ఎప్పటికైనా పడగొట్టి కొత్త కాంప్లెక్స్ కడితే, పేరు మాత్రం కదలనివ్వకండి. అంతవరకూ ఆగక్కర్లేదు కూడా, ఒక రాతి పలక చాలు. మీద ఆయన పూర్తి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, కింద బెజవాడ మునిసిపల్ చైర్మన్, ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొదటి స్పీకరు అని రెండు లైన్లు, పెద్ద తెలుగక్షరాల్లో. ఆవిష్కరించిన మంత్రిగారి పేరు అంతకంటే చిన్న అక్షరాల్లో ఉంటే మంచిది, అసలు లేకపోతే ఇంకా మంచిది. గేటు పక్కన మనిషి తల కంటే ఎత్తులో బిగించండి, కిందకి పెడితే పొద్దున ఐదింటికల్లా ఉల్లిపాయ బస్తాలు అడ్డం పడతాయి.