ఆ పేర్లు మనం అడగొద్దు

కొన్నేళ్ల కిందట ఏప్రిల్‌లో ఓ సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చి నోరు విప్పలేదు. దోసె వెయ్యనా అంటే జేబులోంచి చిన్న అట్టముక్క తీసి నా చేతిలో పెట్టింది. వేధింపులకు భయపడి తమ గురించి చెప్పుకోలేని తోటి పిల్లల కోసం ఆ రోజంతా మాట్లాడనని అందులో ఉంది. మా అత్తగారు అదేమిటో చెప్పించుకుని, "మౌనవ్రతమన్నమాట. పట్టనీ" అన్నారు.

1996లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో మొదలైన ఆ మౌనదినాన్ని మా అమ్మాయి బడిలో జరిపేది జీఎస్ఏ (గే-స్ట్రెయిట్ అలయన్స్) అనే క్లబ్బు. గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ లాంటి పిల్లలు, అంటే ఎల్‌జీబీటీక్యూ పిల్లలు, వాళ్ల స్నేహితులు కలిసి కూర్చునే చోటు అది. ఇలాంటి క్లబ్బుల గురించే ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక వినతిపత్రం తిరుగుతోంది. ఎవరెవరు వెళ్తున్నారో బడి తల్లిదండ్రులకు చెప్పాలట. నేను సంతకం పెట్టలేదు.

జీఎస్ఏ పేరుతో మొదటి క్లబ్బు పుట్టింది మన మసాచుసెట్స్‌లోనే, 1988లో, కాంకర్డ్ అకాడమీలో. చరిత్ర పాఠాలు చెప్పే కెవిన్ జెన్నింగ్స్ దగ్గరికి వెళ్లి అడిగిన అమ్మాయి లెస్బియన్ కాదు, వాళ్లమ్మ లెస్బియన్. ఇప్పటికీ ఈ క్లబ్బుల్లో స్నేహితుల కోసం వచ్చి కూర్చునే పిల్లలు చాలామంది. మా అమ్మాయీ అలా వెళ్లిందే. వారానికో గంట, ఒక టీచరు, చిప్స్ ప్యాకెట్లు, కబుర్లు. అక్కడికి వెళ్తే పిల్లలు "మారిపోతారు" అనేవాళ్లు ఒక్కసారి ఆ గది చూస్తే బాగుండును.

ఈ క్లబ్బులకు అండగా ఉన్న చట్టం కూడా వీళ్లకోసం వచ్చింది కాదు. బడుల్లో బైబిలు క్లబ్బులకు చోటివ్వాలని మతసంస్థలు పట్టుబడితే 1984లో వచ్చింది. ఒక క్లబ్బుకిచ్చిన గది ఇంకో క్లబ్బుకు లేదనకూడదు. సాల్ట్ లేక్ సిటీలో 1996లో బోర్డువాళ్లు ఈ ఒక్కదాన్ని ఆపడానికి చదువుతో సంబంధం లేని క్లబ్బులన్నీ ఎత్తేశారు. 2000లో మళ్లీ తెరిచారు.

మా అమ్మాయి క్లబ్బులో ఒక తెలుగు అబ్బాయి ఉండేవాడు. ఇయర్‌బుక్ ఫొటో తీసేటప్పుడు బ్యాగు పట్టుకుని ఫొటోగ్రాఫర్ వెనక్కి వెళ్లి నిలబడేవాడట. "ఆంటీలు చూస్తారు" అనేవాడట. ఆ ఆంటీల్లో నేనూ ఉన్నాను. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిల్లల గురించి అన్నీ తెలుసుకోవాలని నాకూ ఉంటుంది. కానీ ఆ కబురు వాళ్ల నోటి నుంచే రావాలి. మనకు చెప్పలేదంటే మన మాటలు విన్నారు గనకే. "వాడు కొంచెం తేడా" అని మనం నవ్విన ప్రతిసారీ సోఫాలో పక్కనే కూర్చుని విన్నారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023 సర్వేలో, గడిచిన ఏడాదిలో ఆత్మహత్యకు ప్రయత్నించామని చెప్పినవాళ్లు ఎల్‌జీబీటీక్యూ హైస్కూలు పిల్లల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు. ఆ పిల్లలకు ఆదరణ దొరికే గదిలోంచి పేర్లు బయటికొస్తే ముందు ఖాళీ అయ్యేది ఆ గదే. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్లకు సాయం చేసే అమెరికా హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేసి 3 నొక్కితే వీళ్లకోసం ప్రత్యేకంగా పలికే లైను 2025 జులైలో ఆగిపోయింది. 988 మాత్రం పనిచేస్తోంది, రాసి పెట్టుకోండి.

ఇది అమెరికా జబ్బు అనే పెద్దలకు ఒక్క మాట. ట్రాన్స్‌జెండర్ల పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కించమనే నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. అక్కడ చెరిపేసిన జాబితాను ఇక్కడ మన పిల్లలకు మనమే రాయిద్దామా?

మన తెలుగు బడి తల్లిదండ్రుల సమావేశానికి ఇలాంటి క్లబ్బు నడిపే టీచర్ని ఒకరిని పిలిచి అరగంట మాట్లాడనిద్దామని అసోసియేషన్ కార్యవర్గాన్ని అడుగుతున్నాను. పిలిచే బాధ్యత, టీ బాధ్యత నావి. మా అత్తగారు ముందు వరసలో కూర్చుంటానన్నారు.