ఎంఎస్ ట్రయల్‌లో చేరితే ఎలుకలమైపోతామా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో వారం నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. "మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లు క్లినికల్ ట్రయల్స్ జోలికి పోకండి. మనం వాళ్లకి ఎలుకలం. సగం మందికి ఉత్తుత్తి మందే. సంతకం పెట్టాక బయటికి రానివ్వరు. ప్రాణం పోయినా దిక్కుండదు." మా ఆయనకి ఎంఎస్ (ఆ మల్టిపుల్ స్క్లెరోసిస్సే, మెదడు, వెన్నుపాము నరాలని దెబ్బతీసే జబ్బు) అని తెలిసి, నాకు విడిగా కూడా ముగ్గురు పంపారు.

క్లినికల్ ట్రయల్ అంటే కొత్త మందుని మనుషుల మీద పరీక్షించి చూడడం. ముందు ఉత్తుత్తి మందు సంగతి, అంటే చూడ్డానికి అసలుదానిలాగే ఉన్నా లోపల మందు లేనిది. ఈ జబ్బుకి పనిచేసే మందులు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి, చాలా ట్రయల్స్‌లో కొత్తదాన్ని పాతదానితోనే పోలుస్తారు. ఓక్రెలిజుమాబ్ అనే ఎంఎస్ మందుని పరీక్షించిన ఒపెరా ట్రయల్స్‌లో ఒక గుంపుకి 24 వారాలకోసారి అసలు డ్రిప్, వారానికి మూడుసార్లు ఉత్తుత్తి ఇంజెక్షన్. రెండో గుంపుకి అప్పటికే వాడుకలో ఉన్న ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ అసలుది, డ్రిప్ ఉత్తుత్తిది. ఎవరికి ఏది అసలుదో తెలియకూడదనే ఈ ఏర్పాటు. అందరికీ ఏదో ఒక అసలు మందు అందింది. అదే మందుని ప్రైమరీ ప్రోగ్రెసివ్ (మొదటి నుంచీ క్రమంగా ముదురుతూ పోయే) రకంలో చూసినప్పుడు మాత్రం 732 మందిలో మూడో వంతుకి ఉత్తుత్తి డ్రిప్పే ఇచ్చారు. ఆ రకానికి అప్పటికి ఆమోదం పొందిన మందే లేదు మరి.

బయటికి రానివ్వరన్నది పచ్చి అబద్ధం. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా మానేయొచ్చు, మామూలు వైద్యం ఆగదు.

దిక్కుండదన్నదీ తప్పే. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌కి 2019లో తెచ్చిన నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, నష్టపరిహారం కట్టాలి. తీవ్రమైన ఘటనైతే డాక్టరు 24 గంటల్లో ప్రభుత్వ నియంత్రణ సంస్థకి తెలపాలి. అలాగని ప్రమాదమే లేదనను. నటాలిజుమాబ్ అనే మరో ఎంఎస్ మందు 2004 నవంబరులో అమెరికాలో ఆమోదం పొంది, మెదడు ఇన్‌ఫెక్షన్ కేసులు బయటపడి మూడు నెలలకే ఆగిపోయింది. 2006లో కఠినమైన షరతులతో తిరిగొచ్చింది.

ఇక ఎలుకల మాట. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధన ప్రాజెక్టులో భాగంగా ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. అది మరిచిపోయే విషయం కాదు. అందుకే సంతకం పెట్టమనే సమ్మతి కాగితం మనకి అర్థమయ్యే భాషలో ఇమ్మని పట్టుబట్టాలి, మనమే చదవాలి.

ఆసుపత్రివాళ్లు ఆయనకి ఇచ్చిన ట్రయల్ కాగితంతో మేం అదే చేశాం. ఆయనకి కుడికన్ను మసక, అందుకని డైనింగ్ టేబుల్ దగ్గర నేను గట్టిగా చదువుతుంటే ఆయన "ఆగు, అది మళ్లీ చదువు" అంటూ పెన్సిల్‌తో గుర్తులు పెట్టించారు. రెండు సాయంత్రాలు పట్టింది. ఆ మెసేజ్‌లో లేని ప్రశ్న అక్కడే దొరికింది: ట్రయల్ అయిపోయాక, మందు పనిచేస్తుంటే, దాన్ని ఎవరిస్తారు? ఆసుపత్రివాళ్లని అడిగితే కంపెనీని కనుక్కుని చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు, మేమూ సంతకం పెట్టలేదు.