ఫ్రీ కరెంటు జెట్ ఇంజనూ, తలకిందుల సిలిండరూ

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపు, తర్వాత పదో తరగతి బ్యాచ్, నిన్న రాత్రి మా బావగారు, పొద్దున్నే మళ్లీ బావగారే. ‘పాత లారీ టర్బోతో ఇంట్లోనే జెట్ ఇంజన్! ఖర్చు ఐదు వేలు. వంట గ్యాస్‌తో ఇంటికంతా ఫ్రీ కరెంటు. కంపెనీలు దాచిన రహస్యం!’ కింద దండం పెట్టే బొమ్మలు మూడు.

రహస్యం ఏమీ లేదు. టర్బో అంటే ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు: ఇంజన్ పొగ తోసే చక్రం టర్బైన్, అది తిరిగితే గాలిని నొక్కి ఇంజన్లోకి పంపే చక్రం కంప్రెసర్. ఆ రెంటి మధ్య ఇంధనం మండిస్తే అదే గ్యాస్ టర్బైన్, జెట్ ఇంజన్ సూత్రం కూడా అదే. నార్వేలో ఎల్లింగ్ అనే ఇంజనీరు 1903లోనే గ్యాస్ టర్బైన్ నడిపాడు.

‘ఆయిల్ పంపు దండగ, గ్రీజు రాస్తే చాలు.’ నిమిషానికి లక్ష చుట్లు తిరిగే ఇరుసుకు గ్రీజా? బండి చక్రం అనుకున్నట్టున్నారు.

‘విశాఖ బీచ్ రోడ్డులో పెట్టిన టీయూ-142 విమానంలోదీ ఇదే సూత్రం.’ నిజమే, ఒప్పుకుంటాను. కాకపోతే దాని ఇంజన్లో గాలిని నొక్కడానికి పద్నాలుగు దశలుంటాయి, లారీ టర్బోలో ఒక్కటి. టర్బైన్ తీసిన శక్తంతా కంప్రెసర్ తిప్పడానికే సరిపోతుంది. ఇంకో టర్బైన్, గేర్లు, జనరేటర్ తగిలించి, గ్యాస్‌లోని శక్తిలో నూటికి మూడు వంతులు కరెంటుగా రాబట్టారనే అనుకుందాం. 14.2 కిలోల సిలిండర్ మొత్తం తగలేస్తే వచ్చేది ఐదారు యూనిట్లు. ఫ్రీ కరెంటట!

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వు రానిది ఇది: ‘గ్యాస్ చాలకపోతే రెగ్యులేటర్ తీసేసి, సిలిండర్ తిరగేసి పెట్టండి.’

గ్యాస్ ఎందుకు చాలదో రాసినాయన ఆలోచించాడా? ఇంటి రెగ్యులేటర్ వదిలే ఒత్తిడి స్టవ్‌కు సరిపడా మాత్రమే. నడుస్తున్న ఇంజన్ లోపల ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు. గ్యాస్ లోపలికి పోదు సరికదా, వేడి గాలే గొట్టంలోకి వెనక్కి తన్నొచ్చు. రెగ్యులేటర్ పీకి గట్టిగా లాగితే సిలిండర్ చల్లబడి మంచు పడుతుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు తిరగేయమంటాడు. తిరగేస్తే వచ్చేది ఆవిరి కాదు, ద్రవం. అది ఆవిరైతే రెండు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. గాలికన్నా బరువు కాబట్టి కింద సెల్లార్ పార్కింగ్‌లో చేరి నిప్పురవ్వ కోసం కూర్చుంటుంది. ఇంజన్లోకి వెళ్లిన ద్రవం సంగతి ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ విటిల్‌కు తెలిసొచ్చింది. 1937 ఏప్రిల్‌లో ఆయన మొదటి జెట్ ఇంజన్లో ఇంధనం కారి అడుగున నిలిచింది. వాల్వు మూసినా వేగం పెరుగుతూనే పోయింది, చుట్టూ ఉన్నవాళ్లు పరుగందుకున్నారు. అక్కడ పరిగెత్తడానికి చోటుంది. మన మూడో అంతస్తు బాల్కనీలో ఎటు పరిగెడతారు?

ఇక ఐదు వేలు. ఆటోనగర్ పాత సామాన్ల కొట్లో టర్బో ఒక్కటే అయితే బేరమాడి తెచ్చుకోవచ్చు. నాకెలా తెలుసంటారా? నా మంచం కింద ఒకటుంది. ఆయిల్ పంపు, వేడి చూసే మీటరు, వెల్డింగు కలిపి దాని ఖర్చు మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఇంట్లో జెట్ ఇంజన్ అసాధ్యమేమీ కాదు. నాది పదకొండు సెకన్లు నడిచింది. కష్టమంతా ఇంధనం మండే మంటగొట్టానికి, గాలి లోపలికి రావడానికి వేసే రంధ్రాల్లోనే ఉంది. మంట 1,900 డిగ్రీలు దాటుతుంది, టర్బైన్ చక్రం దాంట్లో సగం కూడా ఓర్చుకోలేదు. అందుకే లోపలికొచ్చే గాలిలో ఎక్కువ భాగం మండడానికి కాదు, చల్లార్చడానికి. నా రంధ్రాల లెక్క తప్పింది. చక్రం ఎర్రబడేసరికి కట్టేశాను.

బావగారూ, ఆదివారం రండి, రంధ్రాల లెక్క మళ్లీ వేద్దాం. సిలిండర్ మాత్రం మీ ఇంట్లోనే ఉంచండి, అక్క వంట చేసుకోవాలి.