ఫౌంటెన్‌కి సిమెంట్ పూయకండి, ముందు నీళ్ళు రప్పించండి

పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే మా ఊరి పార్కులో పాత ఫౌంటెన్ చుట్టూ పచ్చ గుడ్డ కట్టేసి ఉంది, లోపల సిమెంట్ బస్తాలు, పక్కన టైల్స్ పెట్టెలు. గుండె జారిపోయింది. ఇన్నేళ్ళకి దాన్ని పట్టించుకున్నందుకు నిజంగా సంతోషమే, నా గొడవంతా ఆ సిమెంట్‌తోనే.

అది ఇటుకా, గానుగ సున్నం కట్టుబడి. మన డెల్టా నేల సంగతి తెలిసిందే కదా, పక్కనే కాలవ, నాలుగడుగులు తవ్వితే నీరు, ఆ చెమ్మ గోడల్లోకి పాకుతూనే ఉంటది. సున్నం పూత అయితే దాన్ని బయటికి వదిలేస్తది, అదే సిమెంట్ పూస్తే చెమ్మ లోపలే ఉండిపోద్ది, ఉప్పు తేలి ఇటుక పొరలు పొరలుగా రాలిపోద్ది. పైకి మాత్రం కొన్నాళ్ళు నున్నగా కనిపిస్తది. నమ్మకపోతే పోయినసారి తొట్టి అంచుకి సిమెంట్ పూసిన చోటు చూడండి, పూత పెచ్చులూడి వెనకున్న ఇటుక గోరుతో గీరితే పొడైపోతోంది, పూత పడని వైపు ఇటుక ఇంకా రాయిలాగే ఉంది.

మేస్త్రిగారిని అడిగితే "సున్నం పని ఇప్పుడెవరు చేస్తారండీ, ఆరడానికే వారాలు పడుద్ది" అన్నారు. ఆయన్ని అనడానికేం లేదు, ఎస్టిమేట్‌లోనే సిమెంట్ అని రాసుంది. పడితే పడనివ్వండి వారాలు! 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట రాయీ సున్నంతో కట్టిందే, రిపేర్లు చేసుకుంటూ కొత్త బ్యారేజీ వచ్చేదాకా వందేళ్ళకి పైగా గోదావరి వరదలకి నిలబడింది. మన తాతలు సున్నం, ఇటుక పొడి గానుగలో నూరి, కరక్కాయ నీళ్ళూ బెల్లం కలిపి కట్టేవారు. ఆ పని తెలిసిన పెద్ద మేస్త్రులు చుట్టుపక్కల ఊళ్ళలో ఒకరిద్దరైనా ఉండకపోరు, వెతికి పిలవండి, కుర్రాళ్ళు కూడా పక్కనుండి నేర్చుకుంటారు.

ఇంక నీళ్ళు. రంగు లైట్లు, సెల్ఫీ బోర్డు తర్వాత చూసుకోవచ్చు, నీళ్ళు లేకపోతే అది ఫౌంటెన్ ఎలా అవుద్ది? చిన్న మోటారు పెట్టి తొట్టిలో నీళ్ళనే తిప్పితే వేసవిలో కాలవలు కట్టేసినా ఆగదు. తొట్టి వారానికోసారి కడగాలి, లేదంటే దోమలు, ఆ జీతం కూడా ఎస్టిమేట్‌లో రాయండి.

పై పళ్ళెం అంచున ఉన్న పువ్వుల చెక్కడం సగం పోయింది, ఊహించి చెక్కొద్దు. మా అమ్మానాన్నల పెళ్ళయిన కొత్తలో దాని ముందు దిగిన ఫోటోలో ఎడమ వైపు అంచు మొత్తం కనిపిస్తోంది. కుడి వైపు కనిపించే ఫోటో మీ ఇంట్లో ఎవరి ఆల్బంలోనైనా ఉంటే తీసుకురండి, ఆదివారం పొద్దున ఏడింటికి నేను ఆ పచ్చ గుడ్డ దగ్గరే ఉంటాను, ఇంజనీర్‌గారిని కూడా రమ్మన్నాను.